పాత ఫైటర్‌లో టేకాఫ్: ఏ కాలో ముందే తేల్చుకోండి

2017 జూన్ 11న ఫ్రాన్స్‌లోని లాంగుయాన్‌లో స్పిట్‌ఫైర్ పీఆర్ 19 అనే పాత బ్రిటిష్ యుద్ధవిమానం ఒకటి గాల్లోకి లేవకముందే తిరగబడింది. పరుగు మధ్యలో తోక మరీ పైకి లేచింది, ప్రొపెల్లర్ నేలకు తగిలింది, విమానం వెల్లకిలా పడింది. పైలట్ బతికి బయటపడ్డాడు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో లైసెన్స్ తీసుకుని, టెయిల్‌వీల్ (తోక కింద చక్రం ఉండే) విమానం కూడా నేర్చుకుని, ఈ ఎయిర్‌షో సీజన్‌లో ఇక పాత ఫైటర్ ఎక్కుదామనుకునే మనవాళ్లు ఆ వీడియో ఒకసారి చూడండి. చెక్‌లిస్ట్ చదవండి, ఆయిల్ చూసుకోండి లాంటివి ఇక్కడ చెప్పను. అవి తెలియనివాళ్లకు ఆ సీట్లో పనే లేదు.

కాలు

ఎక్కువమందిని ముంచేది అలవాటైన కాలు. సెస్నా, పైపర్ లాంటి చిన్న విమానాలు, టెక్సన్, మస్టాంగ్ లాంటి పాత అమెరికన్ సైనిక విమానాలు అన్నిటిలోనూ సీట్లోంచి చూస్తే ప్రొపెల్లర్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. పవర్ పెంచితే ముక్కు ఎడమకి లాగుతుంది, మనం కుడి కాలితో రడ్డర్ (తోక మీద ఉండి ముక్కుని పక్కలకి తిప్పే పలక) పెడల్ నొక్కుతాం. కొన్నాళ్లకి ఆ కాలు మనల్ని అడగకుండానే కదులుతుంది.

గ్రిఫన్ ఇంజిన్ ఉన్న స్పిట్‌ఫైర్, సెంటారస్ ఇంజిన్ ఉన్న సీ ఫ్యూరీ (ఇదీ పాత బ్రిటిష్ ఫైటరే) దీనికి పూర్తిగా రివర్స్. ముక్కు కుడికి పోతుంది. అప్పుడు కుడి కాలు నొక్కారంటే విమానాన్ని మీరే రన్‌వే మీంచి బయటికి తోసినట్టు. సెంటారస్‌కి 18 సిలిండర్లు, దాదాపు 2,480 హార్స్‌పవర్, ప్రొపెల్లర్‌కి అయిదు బ్లేడ్లు. తప్పు తెలిసి కాలు మార్చుకునేంత టైమ్ సీ ఫ్యూరీ ఇవ్వదు.

ఇంకో చిక్కు. అమెరికాలో చాలా సీ ఫ్యూరీలకు సెంటారస్ తీసేసి రైట్ 3350 పెట్టారు. అది మళ్లీ మామూలు వైపే తిరుగుతుంది. కాబట్టి "సీ ఫ్యూరీ నడిపాను" అంటే చాలదు, ఏ ఇంజిన్‌తో నడిపారో చెప్పాలి. 1947-48లో కశ్మీర్‌లో మన వాయుసేన వాడిన టెంపెస్ట్ 2లో ఉన్నదీ సెంటారసే. పాలం మ్యూజియంలో ఒకటి ఉంది. వెళ్తే బ్లేడ్ల వంపు చూసి అది ఎటు తిరిగేదో కనిపెట్టండి.

రడ్డర్ ట్రిమ్‌కీ (కాలికి సాయంగా రడ్డర్‌ని ఒక వైపు నిలిపి ఉంచే సర్దుబాటుకీ) ఇదే సూత్రం. అలవాటు కొద్దీ కుడికి తిప్పి వదిలేస్తే, సరైన కాలు నొక్కినా ట్రిమ్ మీకు ఎదురు తిరుగుతుంది.

పవర్, తోక

థ్రాటిల్ నెమ్మదిగా తెరవండి. మొదటి కొన్ని సెకన్లలో రడ్డర్ మీద చాలినంత గాలి ఉండదు, ఇంజిన్ బలం మాత్రం మొత్తం వచ్చేస్తుంది. తోకని ఒక్కసారిగా లేపొద్దు. ప్రొపెల్లర్ పెద్ద బొంగరం లాంటిది. తోక లేచే క్షణంలో, ముక్కు అప్పటికే లాగుతున్న వైపే ఇంకాస్త లాగుతుంది. మరీ ఎత్తితే లాంగుయాన్‌లో జరిగిందే. మస్టాంగ్‌లో అయితే స్టిక్ (చేత్తో పట్టుకునే కంట్రోల్ కర్ర) వెనక్కి పట్టుకున్నంతసేపే తోకచక్రం లాక్‌లో ఉంటుంది. తొందరపడి ముందుకి నెట్టారో, ఆ పట్టు కూడా పోతుంది.

ఇక మిగతావి వరసగా:

- స్టార్ట్ చేసేటప్పుడు ప్రొపెల్లర్ ఎటు తిరుగుతోందో కళ్లతో చూడండి. పుస్తకంలో చదివింది చాలదు.
- రన్‌వే మీద ఆగి, గ్రిఫన్ గానీ సెంటారస్ గానీ అయితే "ముక్కు కుడికి, ఎడమ కాలు" అని పైకి అనండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.
- ముక్కు లాగే వైపు నుంచే గాలి గట్టిగా వీస్తుంటే ఆ రోజు మానేయండి.
- పక్కకి పోతోందా? ఇంకా పవర్ ఇవ్వొద్దు. నెమ్మదిగా తగ్గించి ఆపేయండి. ఠక్కున తగ్గిస్తే ముక్కు రెండో వైపు దూకుతుంది.
- పక్కకి పోతున్న విమానాన్ని స్టిక్ లాగి గాల్లోకి లేపొద్దు. స్పీడ్ లేకుండా లేస్తే ఒక రెక్క ఒక్కసారిగా కిందికి వాలిపోతుంది, ఆ ఎత్తులో సరిదిద్దుకోలేరు.
- లేవగానే ఇంజిన్ పోతే ఎదురుగా ఉన్న చోటే దించండి. వెనక్కి తిరగొద్దు. పొలమైనా సరే. వెనక్కి తిరగొద్దు.
- షోల్డర్ బెల్టులు బిగించి లాక్ చేయండి.
- కొత్తలో వెనక సీట్లో ఎవర్నీ ఎక్కించుకోవద్దు. బావమరిది అయినా సరే.
- పొద్దున మస్టాంగ్, సాయంత్రం సెంటారస్ సీ ఫ్యూరీ వద్దు. కాలికి పొద్దుటి సంగతే గుర్తుంటుంది.
- ఏ కాలు అని ఇన్‌స్ట్రక్టర్ అడిగినప్పుడు ఒక్క క్షణం తడుముకున్నా ఇంజిన్ ఆపేసి దిగిపోండి.