ఎండాకాలంలో రైఫిల్ వేడి, నూనె సంగతి
మే నెల తిరుపతి ఎండలో, రేంజ్‌లో వరసగా 20 రౌండ్లు కాల్చాక హ్యాండ్‌గార్డ్ (బ్యారెల్, అంటే తుపాకీ గొట్టం చుట్టూ చెయ్యి పట్టుకునే తొడుగు) పట్టుకుంటే ఎట్లుంటుందో చెప్పాలా? అల్యూమినియందైతే బ్యారెల్ వేడిని తొందరగా చేతికి తెస్తుంది, చెక్క కాస్త నయం. అందుకే 5 రౌండ్లకోసారి ఆగి, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీ చేసి, బోల్ట్ (దాన్ని వెనక నుంచి మూసే కడ్డీ) తెరిచి, మూతి టార్గెట్ల వైపే ఉంచి నీడలో పెట్టండి. నీళ్లు మాత్రం పోయొద్దు.

ఇక నూనె. కొబ్బరినూనె జోలికి పోవద్దు, కొన్నాళ్లకు జిగురై బోల్ట్ పట్టేస్తుంది (నేనూ చేశా ఆ పని, పాత టూత్‌బ్రష్‌తో గీకి గీకి చేతులు పడిపోయాయి). కుట్టుమిషన్ నూనె మరీ పల్చన, వేడికి నిలవదు. సింథటిక్ గన్ ఆయిల్ మేలు, బోల్ట్ ఒరుసుకునే చోట ఒక్క చుక్క చాలు, ఎక్కువైతే మన ఊరి దుమ్మంతా దానికే అంటుకుంటుంది. కాల్చే ముందు బ్యారెల్ లోపల పొడిగుడ్డ ఒకసారి తోయండి.