నూకకి తొందర, పైడికి నిదానం: చిట్టి అధ్యాయాల కథ రాసే పద్ధతి

బొమ్మల పుస్తకం దాటేసి, పెద్ద నవల ఇంకా అందని పిల్లలు కొందరుంటారు. రెండు, మూడు తరగతుల వాళ్లు, ఆరు నుంచి తొమ్మిదేళ్ల లోపు. వాళ్లకి ఎనిమిది చిన్న అధ్యాయాలు సరిపోతాయి. ఒక్కో అధ్యాయం 300 నుంచి 400 మాటలు, తెరిచిన ప్రతి రెండు పేజీలకీ ఒక బొమ్మ. ఇంగ్లీషులో ఈ రకం పుస్తకాలు తరచు 5,000 మాటలు దాటుతాయి. తెలుగు మాట పొడుగు కాబట్టి ఆ లెక్క మనకి పట్టదు, 3,000 దగ్గర ఆపేయండి.

ఈ వయసుకి బాగా నడిచేది స్వభావాలు కలవని ఇద్దరు నేస్తాల కథ. దుష్టపాత్ర అక్కర్లేదు, మాయలు అక్కర్లేదు. ఒకే పని ఇద్దరూ రెండు రకాలుగా చేస్తారు, కథ అక్కణ్ణుంచే కదులుతుంది. ఇక్కడ ఉదాహరణకి నూక అనే తొందర పిల్లాడు, పైడి అనే నిదానపు పిల్ల.

‘పైడి నెమ్మదస్తురాలు’ అని రాసుకుని మొదలుపెడితే మాత్రం ఏమీ కదలదు. కాగితం నిలువుగా మడిచి, ఎడమ పక్క నూక, కుడి పక్క పైడి అని పెట్టి పది సందర్భాలు రాయండి. నౌపడ–గుణుపూర్ రైలుబండి కూత వేసింది: నూక పరిగెత్తి ఎక్కేస్తాడు, పైడి టికెట్టు ఇంకోసారి చూసుకుంటుంది. రథయాత్ర జనంలో నూకకి తాడు పట్టుకోవాలి, పైడికి చెప్పులు ఎక్కడ విడిచామో గుర్తుండాలి. పనసపండు కోశారు: వాడు తొనలు లాగించేస్తాడు, ఆమె పిక్కలు కడిగి దాస్తుంది. పదిలో ఏడు చోట్ల ఇద్దరూ ఒకేలా చేస్తే మీ దగ్గరున్నది ఒక్క పాత్రే.

తేడాలు కుదిరాక ఇద్దరికీ ఉమ్మడిగా ఒకటి కావాలి. లేకపోతే ‘పడనప్పుడు ఎందుకు కలిసి ఆడతారు?’ అని పిల్లలే అడుగుతారు. ఆంధ్రా వైపు పాతపట్నం, ఒడిశా వైపు పర్లాకిమిడి మధ్య తిరిగే ఇద్దరికి ఒక్క పాత సైకిలు చాలు. తొక్కడం నూకకి వచ్చు, చైను ఎక్కించడం పైడికి వచ్చు. ఒకరు లేకుండా రెండోవారు ఇంటికి చేరలేరు.

సరిహద్దు ఊళ్లలో రాసేవాళ్లకి ఒక ఎర ఉంది. ఒకరిని తెలుగు పిల్లని, ఇంకొకరిని ఒడియా పిల్లని చేసి, ఆ భాషల తేడానే స్వభావాల తేడాగా చూపించేయడం. అలా రాస్తే నెమ్మది, అల్లరి అనేవి మనుషుల గుణాలు కాకుండా జనాల మీద వేసిన ముద్రలవుతాయి. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్లల్లో పిల్లలు రెండు భాషలూ కలిపే మాట్లాడతారు. మీ పాత్రలిద్దరూ అలాగే మాట్లాడాలి. ‘కొణొ హెలా? ఏటయింది?’ అని ఒకే ఊపిరిలో అడగనివ్వండి. పక్కనే తెలుగుమాట ఉంది కాబట్టి కింద అర్థం ఇవ్వక్కర్లేదు.

అధ్యాయాల్లో కష్టమైనది అయిదోది, తగువు. మొదటి రెండింట్లో పిల్లలకి నచ్చిన గుణమే ఇక్కడ తగువు తేవాలి. రెండో అధ్యాయంలో నూక తొందర వల్ల బండి అందింది. అయిదులో అదే తొందర:

‘ఏటే, ఇంకా చూస్తన్నావు? ఎక్కీ!’

‘చైను ఊగతంది. ఒక్క నిమిషం.’

నూక ఆగలేదు. మహేంద్రతనయ నది ఒడ్డున చైను ఊడింది, మోకాలు చెక్కుకుపోయింది. పైడి అంటుంది: ‘చెప్పినానా?’ పడినదానికంటే ఆ మాట ఎక్కువ మండుతుంది. ఇప్పుడు తప్పు ఇద్దరిదీ. నూకదే తప్పని తేలిపోతే అది నీతికథ అయిపోతుంది, రెండోసారి ఎవరూ తెరవరు.

ఆరో అధ్యాయం అన్నిటికంటే పొట్టిది: ఎవరింట్లో వాళ్లు. ఏడులో ‘క్షమించు’ అని ఉపన్యాసం వద్దు, ఆ వయసు పిల్లలు అలా మాట్లాడరు. పైడి చైనుకి వేసే నూనె సీసా పట్టుకొస్తుంది. నూక ఎవరూ చెప్పకుండానే టైరు నొక్కి చూస్తాడు. ఆ నొక్కడం ఒక్కసారే. ఎనిమిదో అధ్యాయానికి వాడు పూర్తిగా నిదానస్తుడైపోతే రెండో పుస్తకం రాయడానికి మీకు ఏమీ మిగలదు.

తగువు తీర్చడానికి మేష్టారినో మామ్మనో పిలవకండి. తుపానునీ పిలవకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన ఊళ్లివి. కొబ్బరి, జీడి తోటలు కూలిన ఇళ్ల పిల్లలకి తుపానంటే ఇద్దరు అలిగిన నేస్తాల్ని కలిపే ఉపాయం కాదు. రాయదలిస్తే దాని కథగానే రాయండి.

పేర్లు ఒత్తుల్లేకుండా, మొదటి అక్షరం వేరుగా ఉండాలి. రాము–రాజు అంటే కొత్తగా చదివేవాడికి ఇద్దరూ ఒకరే. వాక్యం అయిదు నుంచి ఎనిమిది మాటలు. కథనం అందరికీ తెలిసిన తేలిక తెలుగులో, సంభాషణ ఊరి యాసలో. ‘ఏటి’ అని ఒకచోట రాస్తే చివరిదాకా ‘ఏటి’యే, మధ్యలో ‘ఏమిటి’ రాకూడదు. వ్యావహారికం కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. అక్కడి పిల్లల కథలో ‘వెడలెను’ లాంటి గ్రాంథికం కనిపిస్తే ఆయన ఊరుకోరు.

రాసింది రెండు పరీక్షలు దాటాలి. ఎవరి మాటో తెలిపే పేర్లన్నీ వేలితో మూసి సంభాషణ చదవండి, ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోతే తిరగరాయాలి. తర్వాత ఒక పిల్లచేత పైకి చదివించండి. పేజీలో అయిదు మాటల కంటే ఎక్కువ చోట్ల తడబడితే మాటలు మార్చండి, పిల్లని కాదు. ఒడిశా వైపు ఒడియా మీడియంలో చదివే తెలుగు పిల్లలకి ఇంట్లో మాట బాగా వచ్చినా అక్షరం ఆలస్యంగా వస్తుంది. పదేళ్ల పిల్ల కూడా ఈ పుస్తకమే పట్టుకోవచ్చు. అందుకని పాత్రల వయసు, తరగతి ఎక్కడా రాయకండి. ‘రెండో తరగతి నూక’ అని కనబడగానే ఆమె పుస్తకం మూసేస్తుంది.

అచ్చుకి డెమ్మీ 1/8 సైజులో (సుమారు 5.5 × 8.5 అంగుళాలు) 48 పేజీలు, అంటే 16 పేజీలు ఒకే పెద్ద కాగితం మీద అచ్చయ్యే ఫారాలు మూడు. పేజీకి 65 మాటలకి మించకూడదు. అక్షరం 18 పాయింట్లు, వరసకీ వరసకీ 28 పాయింట్లు. దగ్గర చేస్తే పై వరస ఒత్తులు కింది వరస గుడులకి తగిలి, పిల్లలు ‘క్క’ని ‘క’గా చదివేస్తారు. మాటని వరస చివర విరగ్గొట్టొద్దు. బొమ్మలేసేవారికి ఒక్క మాట చెప్పండి: రంగులు తీసేసి నీడగా చూసినా ఎవరు నూకో, ఎవరు పైడో తెలియాలి.