కాలేజీ సర్వే డేటా తేడా కొడుతోందా? ముందు అడ్మిషన్ రిజిస్టర్ తీయండి

ఉన్నత విద్య మీద రీసెర్చ్ చేసేవాళ్లు అవుట్‌పుట్ స్క్రీన్‌షాట్ పెట్టి "దీనికి ఏ స్టాటిస్టికల్ టెస్టు వాడాలండీ" అని అడుగుతుంటారు. టెస్టు సంగతి తర్వాత చూద్దాం, ముందు రెండు అంకెలు చెప్పండి: ఆ బ్యాచ్‌లో మొదట ఎంతమంది చేరారు, మీ షీట్‌లో ఎన్ని వరసలున్నాయి. చాలామంది దగ్గర రెండోదే ఉంటుంది, మొదటిది ఎక్కడ దొరుకుతుందో కూడా కనుక్కోలేదు, అప్పటికే థీసిస్‌లో ఫలితాలు చెప్పే చాప్టర్ 4 రాసేసి ఉంటారు. ప్రతిసారీ ఇదే చూస్తున్నా, అందుకే ఒకచోట రాస్తున్నా. ప్రశ్నావళి తయారుచేయడం, పైలట్ చేయడం, రివర్స్ ప్రశ్నల స్కోరు తిప్పడం మీకు వచ్చనే అనుకుంటున్నా, వాటి జోలికి పోను.

సమస్య: ఫైనల్ ఇయర్‌కి వచ్చేసరికి సంతృప్తి పెరిగింది, లేదా పెట్టిన ప్రోగ్రామ్ నమ్మలేనంత బాగా పనిచేసింది

కారణం చాలాసార్లు ఒకటే. మధ్యలో వెళ్లిపోయినవాళ్లు మీ డేటాలో లేరు.

చిన్న లెక్క చూడండి. 200 మంది చేరారు, మొదటి ఏడాది సంతృప్తి సగటు 5కి 3.2. అందులో చివరిదాకా ఉండబోయే 150 మంది సగటు 3.4, మానేయబోయే 50 మంది సగటు 2.6. మూడేళ్ల తర్వాత మళ్లీ సర్వే చేస్తే మిగిలిన 150 మందే దొరుకుతారు, వాళ్లలో ఒక్కరి అభిప్రాయం కూడా మారలేదు అనుకుందాం, అయినా సగటు 3.4 వస్తుంది. "3.2 నుంచి 3.4కి పెరిగింది" అని మీరు రాస్తారు, ఇంకో నాలుగు పేజీలు ఎందుకు పెరిగిందో వివరిస్తారు. పెరిగిందేమీ లేదు, అసంతృప్తితో ఉన్నవాళ్లు గేటు దాటి వెళ్లిపోయారు, అంతే.

ఇది నాకు గట్టిగా తగిలింది ఒక మెంటరింగ్ స్టడీలో. అంకెలు గుండ్రంగా చెప్తాను. 120 మందికి మెంటర్‌ని ఇచ్చాం, ఇంకో 120 మందికి ఇవ్వలేదు. రిజల్ట్ చూస్తే మెంటర్ ఉన్నవాళ్లలో 75 శాతం పాస్, లేనివాళ్లలో 55 శాతం. రిపోర్టు దాదాపు పూర్తయింది. చివర్లో ఏదో పేరు స్పెల్లింగ్ సరిచూద్దామని హాజరు రిజిస్టర్ పక్కన పెట్టుకుంటే నా షీట్‌లో రోల్ నంబర్ 17 తర్వాత నేరుగా 21 ఉంది. 18, 19, 20 ఏమయ్యారు? కిందికి పోతే 33 తర్వాత 36, ఆ తర్వాత 41. కూర్చుని లెక్కపెడితే మెంటరింగ్ గ్రూపులో ఉన్నది 80 వరసలే. డేటా క్లీనింగ్ అని చెప్పి చివరి కాలమ్ ఖాళీగా ఉన్న వరసలన్నీ నేనే తీసేశాను. ఆ ఖాళీలే మధ్యలో వదిలేసి పరీక్షకి కూడా రాని పిల్లలు. రెండో గ్రూపు డేటా మాత్రం పరీక్షల విభాగం నుంచి వచ్చిన పూర్తి లిస్టు, అందులో రానివాళ్లు కూడా "గైర్హాజరు" అని ఉన్నారు, అందుకే ఆ పక్క 120కి 120 ఉన్నారు.

ఇప్పుడు మళ్లీ లెక్కేయండి. మెంటరింగ్‌లో పాసైంది 60 మంది. 80తో భాగిస్తే 75 శాతం, 120తో భాగిస్తే 50. అవతల 66 మంది, 120తో భాగిస్తే 55. మెంటరింగ్ ఇరవై పాయింట్లు ముందున్నదల్లా ఐదు పాయింట్లు వెనక్కి పోయింది. ఏ సాఫ్ట్‌వేరూ ఎర్ర గీత పెట్టలేదు, పీ వాల్యూ (నిజానికి తేడా లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా వచ్చే అవకాశం) చిన్నగా, ముద్దుగానే వచ్చింది, ఆ రిపోర్టు అలాగే పోయుంటే దాన్ని చూసి ఎవరో డబ్బు కేటాయించేవాళ్లు, ఎందుకు వదిలేశారని ఆ నలభై మంది పిల్లల్ని అడిగేవాళ్లే ఉండేవాళ్లు కాదు.

పరిష్కారం ఇలా చేయండి. అడ్మిషన్ రిజిస్టర్ లేదా మొదటి సెమిస్టర్ రోల్ లిస్టు తెచ్చుకుని ముందు అందరికీ ఒక్కో వరస వేసేయండి, డేటా ఉన్నా లేకపోయినా. పక్కన "స్థితి" అని ఒక కాలమ్ పెట్టండి: కొనసాగుతున్నారు, మానేశారు, వేరే కాలేజీకి మారారు, ఒక ఏడాది ఆగారు, సర్వే రోజు రాలేదు. వీటిని కలిపేయొద్దు, కాలేజీ మారిన పిల్లని, చదువే మానేసిన పిల్లని ఒకే గంపలో వేస్తే మళ్లీ తప్పే. ఆ తర్వాత ఉన్నవాళ్లనీ పోయినవాళ్లనీ మొదటి ఏడాది వివరాల మీద పోల్చండి, ప్రవేశ మార్కులు, ఇంటి నుంచి వస్తున్నారా హాస్టలా, పని చేస్తూ చదువుతున్నారా, ఏది దొరికితే అది. తేడా కనిపిస్తే అది మీ థీసిస్‌లో రావాలి, అనుబంధంలో కాదు, ఫలితాల చాప్టర్‌లోనే. మార్పు కొలిచేటప్పుడు రెండుసార్లూ జవాబిచ్చిన అవే మనుషుల్ని పోల్చండి, పై ఉదాహరణలో 3.4కి 3.4. ప్రోగ్రామ్ ఐతే మొదట ఎవరిని ఏ గ్రూపులో వేశారో చివరిదాకా ఆ గ్రూపులోనే లెక్కపెట్టండి, వదిలేసినా సరే. పోయినవాళ్ల ఫలితం అసలు తెలియకపోతే ఒకసారి అందరూ పాసైనట్టు, ఒకసారి అందరూ ఫెయిలైనట్టు వేసి రెండూ చూపించండి, మీ ముగింపు రెండింటికీ నిలబడుతుందో లేదో అక్కడే తేలిపోతుంది.

క్లాసులో కూర్చోబెట్టి ఫారాలు నింపించేవాళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది. ఆ రోజు క్లాసుకి రానివాళ్ల అభిప్రాయమే మీకు ఎక్కువ అవసరం.

సమస్య: ఎంట్రన్స్ మార్కులకీ కాలేజీ మార్కులకీ సంబంధమే కనపడట్లేదు

ఇదీ పై కారణమే, కాకపోతే ఇక్కడ మనుషులు లోపలికి రాకముందే తప్పిపోయారు. సీటు వచ్చినవాళ్లే మీ శాంపిల్. వాళ్లందరి మార్కులూ ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి. పరీక్ష రాసిన అందరిలో కోరిలేషన్ (రెండు మార్కులూ ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె, 0 అంటే సంబంధం లేనట్టు) 0.5 ఉందనుకోండి, సీటు వచ్చినవాళ్లలో ఎంట్రన్స్ మార్కుల స్టాండర్డ్ డీవియేషన్, అంటే మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, సగానికి పడిపోతే మీకు కనపడేది దాదాపు 0.28. "ఎంట్రన్స్ దండగ" అని రాసేముందు ఇది చూసుకోండి. దరఖాస్తుదారులందరి స్టాండర్డ్ డీవియేషన్ దొరికితే సరిచేసే ఫార్ములా ఉంది, దొరక్కపోతే "సీటు వచ్చినవాళ్ల వరకే" అని స్పష్టంగా రాయండి.

దీనికి ఇంకో రూపం ఉంది. మార్కులు, ఇంటర్వ్యూ రెండూ కలిపి సీటిచ్చే చోట, లోపలున్నవాళ్లలో మార్కులు ఎక్కువైనకొద్దీ ఇంటర్వ్యూ స్కోరు తగ్గినట్టు కనిపిస్తుంది. రెండూ తక్కువున్నవాళ్లు బయటే ఉండిపోయారు కాబట్టి. తెలివైనవాళ్లకి మాట్లాడటం రాదని దీన్నుంచి సిద్ధాంతం చేయకండి. ఆస్పత్రి రోగుల లెక్కల్లో ఇదే చిక్కుని గణాంక నిపుణుడు బెర్క్సన్ 1946లోనే చూపించాడు.

సమస్య: ఏది పెట్టినా సిగ్నిఫికెంటే (యాదృచ్ఛికం కాదనే) వస్తోంది

30 సెక్షన్లు, సెక్షన్‌కి 40 మంది, మొత్తం 1200. మీరు 1200 మంది విడివిడి మనుషులని లెక్కేశారు, కానీ ఒకే సెక్షన్ వాళ్లకి అదే టీచర్, అదే టైమ్‌టేబుల్. సెక్షన్ లోపలి పోలిక, అంటే ఐసీసీ, 0.05 మాత్రమే ఉన్నా, సెక్షన్‌లో మిగతా 39 మందిని లెక్కలోకి తీసుకుంటే 1 + 39 × 0.05 = 2.95 వస్తుంది, 1200ని దాంతో భాగిస్తే మీ శాంపిల్ బలం 407 మందికి సమానం. మల్టీలెవెల్ మోడల్ (విద్యార్థుల్నీ వాళ్ల సెక్షన్లనీ విడి అంచెలుగా చూసే పద్ధతి) వాడండి, కనీసం సెక్షన్‌వారీగా స్టాండర్డ్ ఎర్రర్లు (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే అంకెలు) సరిచేయండి. షీట్‌లో సెక్షన్ కాలమ్ లేకపోతే ఈ రెండూ కుదరవు, కాబట్టి డేటా తీసుకునే రోజే అది రాసుకోండి.

సమస్య: తక్కువ మార్కులొచ్చినవాళ్లకి అదనపు క్లాసులు పెడితే అందరూ మెరుగయ్యారు

ఒక పరీక్షలో బాగా అట్టడుగున ఉన్నవాళ్లని ఏరితే, ఏ క్లాసూ పెట్టకపోయినా రెండో పరీక్షలో వాళ్ల సగటు కొంత పైకి వస్తుంది, మొదటి రోజు కొందరికి కేవలం బాగోలేక తక్కువొచ్చింది కాబట్టి. అదే కటాఫ్ కింద ఉండి క్లాసులు అందని గ్రూపు ఒకటి కావాలి. అది లేకుండా ముందు-తర్వాత సగటుల మీద టీ టెస్టు (రెండు సగటుల తేడా చూసే టెస్టు) పెట్టి పంపొద్దు.

సమస్య: "చాలా నేర్చుకున్నాం" అంటున్నారు, మార్కుల్లో కనపడదు

అనిపించడం వేరు, నేర్చుకోవడం వేరు. హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల మీద 2019లో వచ్చిన స్టడీలో, తామే పాల్గొని చేసే పద్ధతిలో చదివినవాళ్లు టెస్టులో ఎక్కువ తెచ్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని చెప్పారు. మీ టైటిల్‌లో "అభ్యసనం" అని ఉంటే ఫీడ్‌బ్యాక్ ఫారంతో సరిపెట్టుకోకండి, టెస్టు పెట్టండి.

సమస్య: మొత్తంలో ఒకలా, డిపార్ట్‌మెంట్‌వారీగా ఇంకోలా

అమెరికాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్కిలీలో 1973 అడ్మిషన్ల కేసు చదవండి. మొత్తం మీద దరఖాస్తు చేసిన మగవాళ్లలో దాదాపు 44 శాతానికి, ఆడవాళ్లలో 35 శాతానికి సీట్లొచ్చాయి, డిపార్ట్‌మెంట్‌వారీగా విడదీస్తే ఆ తేడా చాలావరకు పోయింది, ఎందుకంటే సీటు దొరకడం కష్టమైన డిపార్ట్‌మెంట్లకి ఆడవాళ్లు ఎక్కువగా దరఖాస్తు చేశారు. రెండు టేబుళ్లూ ఇవ్వండి. ఎవరు ఎక్కడ దరఖాస్తు చేస్తున్నారు, ఎందుకు అనేది అప్పుడు మీ అసలు ప్రశ్న అవుతుంది.

ఇక మిగతావి: ఆల్ఫా (ప్రశ్నావళిలోని ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే అంకె) 0.68 వచ్చిందని కంగారు పడొద్దు, ప్రశ్నలు చదివి చూడండి. డేటా నార్మల్‌గా (సగటు చుట్టూ గంట ఆకారంలో) లేదని వందలకొద్దీ శాంపిల్ ఉన్నప్పుడు సగటులు పోల్చడానికి భయపడక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌లో బగ్ ఉందేమో అంటారు కొందరు, నా దగ్గరికొచ్చిన వాటిలో ఒక్కసారి కూడా అది కాదు. షీట్‌ని రోల్ నంబర్ ప్రకారం సార్ట్ చేసి, ఏ నంబర్ దగ్గర గొలుసు తెగిందో చూడండి.