బొంత కుట్టేటప్పుడు వచ్చే చిక్కులు: సమస్య - కారణం - పరిష్కారం

చలికాలంలో మొదలుపెట్టిన బొంత వారాల తరబడి పని మీదే ఉంటుంది. తప్పు జరిగేది ఒక రోజు, అది కంటపడేది మరో రోజు. అడుగున ముడత కనిపించగానే మిషనును అనుమానిస్తాం, కానీ చాలాసార్లు పొరలు పరిచిన రోజే పని చెడి ఉంటుంది. అందుకే ఏ లోపం కనిపించినా ముందు ఒక మెట్టు వెనక్కి వెళ్లి వెతకండి.

ముక్కల మూలలు కలవడం లేదు, వరుసలు పొట్టివవుతున్నాయి

కుట్టు లోపలికి పోయే బట్ట కొలత తప్పుతోంది. పావు అంగుళం పోవాల్సిన చోట అంగుళంలో 16వ వంతు ఎక్కువ పోయినా, రెండు ముక్కలదీ కలిపి ఒక్కో కుట్టుకు 8వ వంతు తగ్గుతుంది. 9 ముక్కల వరుసలో 8 కుట్లు ఉంటాయి కాబట్టి వరుస ఒక అంగుళం పొట్టిదవుతుంది.

అసలు పని మొదలుపెట్టే ముందే పరీక్షించండి. ఒకటిన్నర అంగుళం వెడల్పున్న పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి, మధ్య పట్టీ కొలవండి. సరిగ్గా ఒక అంగుళం రావాలి. తక్కువ వస్తే కుట్టులోకి బట్ట ఎక్కువ పోతున్నట్టు. సరైన దూరం దొరికాక మిషను ప్లేటు మీద టేపు ముక్క అతికించి, బట్ట అంచును దాని వెంబడే నడపండి.

ఇస్త్రీ పెట్టెను అటూ ఇటూ రుద్దడం కూడా కొలతలను చెడగొడుతుంది. క్రాస్‌గా కత్తిరించిన అంచు ఇట్టే సాగిపోతుంది. పెట్టెను పెట్టి నొక్కి, ఎత్తి, పక్కన పెట్టండి.

అడుగు బట్టలో ముడతలు

కొత్తవాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఇదే. అడుగు బట్టను వదులుగా పరిచినా ముడతలొస్తాయి, మరీ లాగి పరిచినా వస్తాయి. లాగి టేపుతో అతికించిన బట్ట టేపు తీయగానే వెనక్కి ముడుచుకుంటుంది, పైపొర అలాగే మిగిలిపోతుంది.

అడుగు బట్ట నాలుగు వైపులా పైబట్ట కంటే 3-4 అంగుళాలు ఎక్కువ ఉండాలి. దాన్ని తిరగేసి గచ్చు మీద పరచండి. ముందు ఎదురెదురు అంచుల మధ్యలో, చివరగా మూలల్లో టేపు వేయండి. బట్ట బిగువుగా ఉండాలి, నేత పోగులు మాత్రం వంకర పోకూడదు. దాని మీద దూది పొర, ఆపైన పైబట్ట వేసి, అరచేత్తో మధ్య నుంచి బయటికి సర్దండి. పిన్నీసులూ మధ్య నుంచే మొదలుపెట్టి 4 అంగుళాలకొకటి పెట్టండి. పిడికిలి ఎక్కడ ఆనించినా ఒక పిన్నీసు తగలాలి. పిన్నీసులను నెలల తరబడి వదిలేయకండి, చెమ్మకు తుప్పు మరక పడితే వదలదు.

ఇంత చేసినా ముడత వస్తే అప్పుడు మిషను సంగతి చూడండి. మిషనులో బట్టను నొక్కి పట్టే మామూలు పాదం పైపొరను ముందుకు తోస్తుంది, కింద బట్టను నడిపే పళ్లు అడుగు పొరను లాగుతాయి. వాకింగ్ ఫుట్ అనే ప్రత్యేక పాదం మూడు పొరలనూ కలిపి నడుపుతుంది. కుట్టు పొడవు 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు పెట్టండి. పక్కపక్క గీతల్ని ఒకటి పైనుంచి, ఇంకొకటి కిందినుంచి కుడితే మధ్యలో బట్ట మెలితిరుగుతుంది. అన్నీ ఒకే వైపు నుంచి మొదలుపెట్టండి. బొంత బరువు బల్ల అంచున వేలాడుతుంటే కుట్లు చిన్నాపెద్దా అవుతాయి, పక్కన కుర్చీ వేసి దాని మీద ఆనించండి.

పడిపోయిన ముడతను లాగి సరిచేయలేం. దానికి అటూ ఇటూ 4-5 అంగుళాలు కుట్టు విప్పి, మళ్లీ సర్ది కుట్టాల్సిందే.

అడుగున దారం చిక్కుపడుతోంది, కుట్లు తప్పుతున్నాయి

చిక్కు అడుగున కనిపించినా లోపం సాధారణంగా పైదారంలోనే. పాదం దించి ఉండగా దారం ఎక్కిస్తే అది దారాన్ని బిగించే టెన్షన్ బిళ్లల మధ్యకు దిగదు. పాదం ఎత్తి మళ్లీ ఎక్కించండి. కుట్లు తప్పుతుంటే సూది మార్చండి. మూడు పొరలకు 14 నంబరు సూది సరిపోతుంది, సుమారు 8 గంటలు కుట్టాక కొత్తది వేయండి. చలి ఉదయాల్లో మిషను బరువుగా తిరుగుతుంటే నూనె చిక్కబడినట్టు. దారం లేకుండా రెండు నిమిషాలు నడపండి. చేత్తో కుట్టేవాళ్లు మూరెడు దారానికి మించి తీసుకోకండి, పొడుగు దారం నలిగి తెగుతుంది.

చెరిపేసిన గీతలు మళ్లీ కనిపిస్తున్నాయి

ఇది అచ్చంగా చలి తెచ్చే సమస్య. ఇస్త్రీ వేడికి మాయమయ్యే పెన్ను సిరా బట్టలోంచి పోదు, రంగు మాత్రమే కనిపించకుండా పోతుంది. గడ్డకట్టే చలి తగిలితే గీతలు తిరిగొస్తాయి. మళ్లీ ఇస్త్రీ చేస్తే పోతాయి గానీ, ఆ పెన్నును కుట్టు లోపలికి పోయే చోట్ల మాత్రమే వాడడం మంచిది. నీళ్లకు పోయే నీలి పెన్నుది ఇంకో ఇబ్బంది: గీత ఉండగా ఇస్త్రీ చేస్తే మరక నిలిచిపోవచ్చు. ముందు సబ్బు లేకుండా చన్నీళ్లలో కడగండి. ముదురు బట్ట మీదైతే అరిగిపోయిన సబ్బు బిళ్ల అంచుతో గీసుకోండి, చక్కగా కనిపిస్తుంది, ఉతికితే పోతుంది.

దూది ఒకచోట చేరడం, పోగులు బయటికి రావడం

కుట్ల మధ్య దూరం ఎక్కువైతే దూది జారుతుంది. విడి దూదికి ప్రతి 2-3 అంగుళాలకు కుట్టు ఉండాలి. షీటుగా వచ్చేదానికి ప్యాకెట్ మీద రాసిన దూరం దాటకండి. దూది పోగులు బయటికొస్తుంటే పైబట్ట నేత పలచనైనా అయ్యుండాలి, సూది మరీ లావైనా అయ్యుండాలి. బయటికొచ్చిన పోగును లాగకండి, దాని వెంట ఇంకొకటి వస్తుంది. బట్టకు ఆనించి కత్తిరించేయండి.

అంచులు అలల్లా లేస్తున్నాయి

బోర్డరు పట్టీని అంచు వెంబడి పెట్టి కుట్టుకుంటూ పోయి, మిగిలింది కత్తిరించడమే కారణం. బొంతను నడిమధ్యలో కొలిచి, ఆ కొలతకే పట్టీ కత్తిరించి, అంచును దానికి సర్దుతూ కుట్టండి.

ఉతికాక రంగు దిగింది, బొంత ముడుచుకుంది

ఎరుపు, ముదురు నీలం ముక్కల్ని కత్తిరించే ముందే తడిపి తెల్లబట్ట మీద నొక్కి చూడండి. నూలు బట్ట, నూలు దూది రెండూ ఉతికితే కొంత తగ్గుతాయి, బట్టను ముందే ఉతికి ఆరబెట్టుకోవాలి. రంగు దిగిన బొంతను ఆరనివ్వకండి, ఇస్త్రీ అసలే వద్దు. టబ్బు నిండా నీళ్లలో పూర్తిగా ముంచి, నీళ్లు తేటగా వచ్చేదాకా మారుస్తూ ఉండండి.

తడిసిన బొంతను ఒకే తాడు మీద వేలాడదీస్తే ఆ బరువుకు కుట్లు తెగుతాయి, రెండు మూడు తాళ్ల మీద పరచండి. చలికాలం ఎండ చాలదు కాబట్టి పొద్దున్నే ఉతకండి. పైబట్ట ఆరినా దూదిలో తడి మిగులుతుంది. కుట్లు దగ్గరగా ఉన్న చోట అరచేయి నొక్కి పెడితే చల్లగా తగిలిందంటే ఇంకా ఆరలేదు, మడిచి లోపల పెట్టకండి.