బ్యాక్ ప్లేట్‌కి లోపలి థ్రెడ్ కోస్తున్నారా? ముందు డమ్మీ చేసుకోండి

హైదరాబాద్ బాలానగర్ వైపు చిన్న షాపుల్లో పాత లేత్ మిషన్లకి కొత్త చక్ (పనిముక్కని పట్టుకునే భాగం) బిగించాలంటే బ్యాక్ ప్లేట్ (చక్‌ని మిషన్‌కి కలిపే పళ్లెం) లోపల స్పిండిల్‌కి, అంటే లేత్‌లో తిరిగే ఇరుసుకి, సరిపోయే థ్రెడ్ కోయాలి, తీరా ఆ స్పిండిల్ మీదే ఇంకో చక్ బిగించి పనిచేస్తుంటాం కాబట్టి మధ్యలో పెట్టి చూసుకునే వీలుండదు. అందుకే ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) రాడ్ మీద స్పిండిల్ ముక్కుకి నకలు ఒకటి, అదే డమ్మీ, ముందే తీసుకోండి.

నకలు సరిగ్గా వచ్చిందో లేదో తెలియాలంటే 2 మి.మీ. డ్రిల్ బిట్లు మూడు తీసుకుని వాటి నున్నటి కాడల్ని థ్రెడ్ గాడుల్లో ఆనించి, పైనుంచి మైక్రోమీటర్ పెట్టండి (అంగుళానికి 8 థ్రెడ్లున్న స్పిండిల్‌కి ఈ సైజు బాగా కూర్చుంటుంది). స్పిండిల్ మీదా నకలు మీదా ఒకే రీడింగ్ రావాలి, అంతే.

పిచ్ (పక్కపక్క థ్రెడ్ల మధ్య దూరం) దగ్గర తొందరపడొద్దు, అంగుళానికి 8 అంటే 3.175 మి.మీ., 3 కాదు. థ్రెడ్ గాడి కోణం 60 డిగ్రీలా 55 డిగ్రీలా అన్నది కూడా థ్రెడ్ గేజ్ పెట్టి చూడాల్సిందే. 60 అయితే బయటి వ్యాసంలోంచి పిచ్‌కి 1.0825 రెట్లు తీసేయండి, 38.1 మి.మీ. స్పిండిల్‌కి బోర్ (థ్రెడ్ కోసే ముందు ప్లేట్‌లో చేసే రంధ్రం) దాదాపు 34.66 వస్తుంది.

బోరింగ్ బార్ (రంధ్రం లోపల కోసే పొడవాటి టూల్) వంగుతుంది కాబట్టి చివర్లో కోత పెంచకుండా అదే సెట్టింగ్‌లో రెండు మూడు సార్లు నడిపించి, పొట్టు బ్రష్‌తో దులిపాకే డమ్మీ తిప్పి చూడండి. జాబ్‌ని, అంటే కోస్తున్న ప్లేట్‌ని, మాత్రం చక్‌లోంచి కదపొద్దు. థ్రెడ్ కాస్త వదులైనా నష్టం లేదు గానీ చక్‌ని సెంటర్‌లో నిలబెట్టేది థ్రెడ్ వెనకున్న నున్నటి రిజిస్టర్ (థ్రెడ్ లేని గుండ్రటి భాగం), అది బిగువుగా జారాలి.