సీబీఆర్ పరీక్షకు ముందు జాగ్రత్తలు

సీబీఆర్ (కాలిఫోర్నియా బేరింగ్ రేషియో) అంటే రోడ్డు కింది నేల బలాన్ని తెలిపే అంకె. రోడ్డు పొరల మందం చాలావరకు దీనిపై ఆధారపడుతుంది కనుక, మట్టి పరీక్షల భారతీయ ప్రమాణమైన ఐఎస్ 2720 పదహారవ భాగాన్ని దగ్గర పెట్టుకొనే పని మొదలుపెట్టాలి.

మట్టిలో 19 మి.మీ. జల్లెడపై నిలిచిన రాళ్లను తీసివేసి, అంతే బరువుకు ఆ జల్లెడ దిగి 4.75 మి.మీ. జల్లెడపై నిలిచిన గులకను కలపాలి. నల్లరేగడి విషయంలో తొందర అసలు పనికిరాదు. పైకి బాగా తడిసినట్టున్న గడ్డను వేళ్లతో విరిచి చూస్తే నడుమ ఇంకా పొడిగా, లేత రంగులో కనిపిస్తుంది. అందుకే నీరు కలిపిన మట్టిని గాలి చొరని సంచిలో రాత్రంతా ఉంచి, నీటి శాతాన్ని మళ్లీ కొలిచిన తరువాతే అచ్చులో దట్టించాలి.

భారీ దట్టింపు అయితే 4.89 కిలోల సుత్తిని 450 మి.మీ. ఎత్తు నుంచి, ఐదు పొరలలో పొరకు 56 దెబ్బల చొప్పున వేయాలి. దెబ్బలు ఒకే చోట పడకూడదు.

దట్టించిన నమూనాను నీటిలో నానబెట్టవలసింది 96 గంటలు. నాలుగో రోజు ఉదయమే నమూనాను తీసేయడం చాలాచోట్ల చూస్తుంటాము. అది విలువను ఎక్కువ చేసి చూపే ప్రమాదం ఉన్నందున ఒప్పుకోరాదు. నానేటప్పుడు నమూనా పైన కనీసం 5 కిలోల బరువు ఉండాలి, తీశాక 15 నిమిషాలు నీరు కారనివ్వాలి.

ప్రూవింగ్ రింగ్ (భారాన్ని కొలిచే ఉక్కు వలయం) క్యాలిబ్రేషన్ గడువును ముందే సరిచూసుకోవాలి. ప్లంజరు (నమూనాలోకి నొక్కే ఉక్కు కడ్డీ) నిమిషానికి 1.25 మి.మీ. వేగంతో దిగాలి. అది 5 మి.మీ. దిగినప్పటి సీబీఆర్ విలువ 2.5 మి.మీ. దిగినప్పటికంటే ఎక్కువ వస్తే పరీక్ష మళ్లీ చేయాలి కాబట్టి, అదనపు మట్టిని ముందుగానే సిద్ధంగా ఉంచుకోవాలి.