వానలు పట్టకముందే చేతికర్ర సంగతి చూడండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండం పట్టిందంటే వాకిలి ఆరదు, ఇంట్లోకి తడి కాళ్లతోనే వస్తాం. పక్షవాతం నుంచి కోలుకుంటూ ఇప్పుడిప్పుడే అడుగులేస్తున్న మనిషి ఇంట్లో ఉంటే సెప్టెంబరులోనే మేలుకోవాలి. చీమకుర్తి గ్రానైట్ పరిచిన ఇల్లయితే మరీను. తడిస్తే మామూలువాళ్లకే కాలు నిలవదు.

"నాలుగు కాళ్లుంటే పడిపోరులే" అని చాలామంది ముందు వాకర్ కొనేస్తారు. మామూలు వాకర్‌ని రెండు చేతులతో ఎత్తి ముందుకు వెయ్యాలి. ఒక చెయ్యి పడిపోయిన మనిషి ఒంటి చేత్తో లేపితే అది పక్కకు తిరిగి మనిషినీ లాక్కుపోతుంది. ఇలాంటివాళ్లకు ఒంటి చేత్తో పట్టుకునేదే కావాలి. బాగా తూలేవాళ్లకు అడుగున నాలుగు కాళ్లుండే కర్ర, నిలదొక్కుకున్నాక మామూలు చేతికర్ర. ఫిజియోథెరపిస్టు దగ్గర నడిపించి చూశాకే కొనండి. నాలుగు కాళ్ల కర్రతో ఒక చిక్కుంది: నాలుగూ ఒకేసారి నేలకు ఆనాలి. ఎగుడుదిగుడు వాకిట్లో, గడప మీద అది ఊగుతుంది.

కర్ర బాగున్న చేతిలోనే ఉండాలి. "బలం లేని పక్కే కదా ఆసరా కావాల్సింది" అని పెద్దవాళ్లు వాదిస్తారు, వినొద్దు. ముందు కర్ర, తర్వాత బలం లేని కాలు, ఆపైన మంచి కాలు. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు కర్ర, బలం లేని కాలు ముందు.

కర్ర ఎత్తు చూసేందుకు మనిషిని రోజూ వేసుకునే చెప్పులతో నిలబెట్టి చేతులు కిందికి వేలాడేయమనండి. కర్ర పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. పట్టుకున్నప్పుడు మోచెయ్యి కాస్త వంగాలి. ఆ చెప్పులకు వెనక పట్టీ ఉండాలి, హవాయి చెప్పులు వద్దు.

ఇప్పుడు కర్ర తిరగేసి అడుగున రబ్బరు బుష్ చూడండి. గీతలు అరిగి నున్నబడితే మార్చేయండి, కర్ర ఖరీదు ముందు దాని ఖరీదెంత! బయటి నుంచి రాగానే బుష్‌ని పొడిబట్టతో తుడవాలి.

60 ఏళ్లు నిండిన, ఆదాయం తక్కువున్న పెద్దవాళ్లకు కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద కర్రలు, వాకర్లు ఉచితంగా ఇస్తుంది. 2017 ఏప్రిల్‌లో ఆ పథకం మొదలైందే నెల్లూరు జిల్లాలో. ఆ పథకం క్యాంపులో ఇచ్చిన కర్రైనా ఎత్తు సరిచేయించాకే వాడాలి.

పక్కన నడిచేవాళ్లు బలం లేని వైపు, అరడుగు వెనకగా ఉండండి. తూలితే పడిపోయిన చెయ్యి పట్టి లాగొద్దు, భుజం కీలు జారుతుంది. నడుము దగ్గర పట్టుకోండి. తుపాను రాత్రుల్లో కరెంటు పోతుంది కాబట్టి కర్ర, టార్చిలైటు మంచానికి బాగున్న చేతివైపే పెట్టండి. కొందరికి పడిపోయిన పక్కనున్న వస్తువు కళ్లముందున్నా ఆనదు.